కుండ, పుట్ట, కుమ్మరి

అశోక్ నగర్‌లో దేవుడు ఒక చాప్టరు. వెటకారం కాదు. సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకి రెండో పేపర్లో మతానికి సంబంధించిన తత్వశాస్త్రం అని ఒక భాగం ఉంటుంది. దేవుడి లక్షణాలు, దేవుడున్నాడనడానికి రుజువులు, ఆ రుజువుల మీద విమర్శ, లోకంలో చెడు ఎందుకుందన్న సమస్య, ఆత్మ, మోక్షం, అన్నీ సిలబస్‌లో వరసగా ఉన్నాయి. పది మార్కుల ప్రశ్నయితే నూట యాభై మాటల్లో తేల్చెయ్యాలి. వెయ్యేళ్లకి పైగా తేలనిది ఏడు నిమిషాల్లో.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లేంత దూరంలో నేను గది పంచుకుని ఉన్న రోజుల్లో, నా రూమ్మేట్‌ది అదే ఆప్షనల్. తెలుగు మీడియం కుర్రాడు. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు గానీ చదువుకోడానికి తెలుగులో దొరికేది తక్కువ. హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీ పుస్తకాలు కొన్ని, సీనియర్ల చేతిరాత నోట్సుకి జిరాక్సు తీసిన జిరాక్సు, మిగతాది ఇంగ్లీషులోంచి తనే కూడబలుక్కుని రాసుకున్నది. ప్రతి పేజీకీ నడిమధ్యన స్కేలు పెట్టి నిలువుగీత కొట్టేవాడు. ఎడమ పక్క 'ఉన్నాడు', కుడి పక్క 'లేడు'. ఉదయనుడు, అన్నంభట్టు, ఆన్సెల్మ్, అక్వినాస్ ఎడమ. చార్వాకులు, బౌద్ధులు, హ్యూమ్, కాంట్ కుడి. ఒక రాత్రి పడుకోబోతుంటే అడిగాడు: "అన్నా, రామానుజుణ్ణి ఎటు రాయాలి?"

"ఎడమ పక్కే రాయి తమ్ముడూ, ఆయన్ని మించిన భక్తుడెవడు?" అన్నాను, ఫోన్లోంచి తలెత్తకుండానే.

తప్పు చెప్పాను. ఎంత పెద్ద తప్పో తర్వాత చదువుకుంటే గానీ తెలియలేదు. రామానుజుడొక్కడే కాదు, ఆ గీతకి అటో ఇటో సరిగ్గా కూర్చునేవాళ్లు ఆ చాప్టర్లో చాలా తక్కువ.

ముందు ఎడమ పక్కనున్న మనవాడితో మొదలుపెడతాను. అన్నంభట్టు తెలుగువాడని సంప్రదాయం చెబుతుంది. తిరుమలాచార్యుడి కొడుకు. కాలం సుమారుగా పదిహేడో శతాబ్దం. కాశీ వెళ్లి చదువుకుని, అక్కడే పేరు తెచ్చుకున్నాడు. ఎంత పేరంటే, కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు అని ఒక సామెతే పుట్టింది. (అశోక్ నగర్‌కి వచ్చినంత మాత్రాన ప్రతివాడూ కలెక్టర్ కాడు అని దీన్ని తిరగరాసి మా గది గోడ మీద అంటించాం.) ఆయన రాసిన తర్కసంగ్రహం న్యాయశాస్త్రంలోకి అడుగుపెట్టేవాళ్లు ఇవాళ్టికీ మొదట చదివే పుస్తకం. పిల్లలకి సులువుగా అర్థం కావాలని రాస్తున్నానని ఆయనే మొదట్లో చెప్పుకున్నాడు. తర్వాత దానికి తనే 'దీపిక' అనే వ్యాఖ్య రాశాడు. అంటే టెక్స్ట్ పుస్తకం ఆయనదే, గైడూ ఆయనదే. కోచింగ్ మెటీరియల్‌కి మూలపురుషుడు అనొచ్చు.

ఆ దీపికలో దేవుడి రుజువు ఉంది. సారాంశం ఇంతే. కుండ అనేది ఒకప్పుడు లేదు, తర్వాత పుట్టింది. అలా కొత్తగా పుట్టినదానికి చేసినవాడు ఉంటాడు. కుండకి కుమ్మరి ఉన్నట్టే. నేలలోంచి వచ్చే మొలక కూడా ఒకప్పుడు లేనిదే, తర్వాత పుట్టినదే. కాబట్టి దానికీ చేసినవాడుండాలి. మొలకని మనుషులెవరూ చెయ్యలేరు. అయితే చేసినవాడు ఈశ్వరుడు.

వినడానికి అమాయకంగా ఉంటుంది. కానీ దీని వెనక కారణం అంటే ఏమిటో విడదీసి చూసిన పెద్ద యంత్రాంగం ఉంది. కుండకి మట్టి ఒక రకం కారణం. కుండ పెంకులు రెండూ అతుక్కోవడం ఇంకో రకం. కుమ్మరి, చక్రం, కర్ర మూడో రకం, నిమిత్త కారణాలు. మరి కుమ్మరి తండ్రి? ఆయన లేకపోతే కుమ్మరి లేడు కదా? లెక్కలోకి రాడు అన్నారు నైయాయికులు. మట్టి మోసుకొచ్చిన గాడిద? అదీ రాదు. ఆ గాడిద కాకపోతే ఇంకో గాడిద, లేదా బుట్టలో మనిషి. పనికి ముందు ఉన్నంత మాత్రాన కారణం అయిపోదు. న్యాయగ్రంథాల్లో ఈ గాడిద నిజంగానే ఉంది. నాకు ఆ శాస్త్రం మీద గౌరవం పుట్టింది ఈ గాడిద దగ్గరే. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనిపడుతుంది.

ఈ వాదానికి అన్నంభట్టు కంటే ఆరేడు వందల ఏళ్ల ముందే మహాభవనం కట్టినవాడు ఉదయనుడు, మిథిలవాడు. ఆయన లక్షణావళి రాసిన ఏడు లెక్క కడితే 984 వస్తుంది. న్యాయకుసుమాంజలి అని ఐదు గుచ్ఛాల పుస్తకం, మొత్తం దేవుడి ఉనికిని నిలబెట్టడానికే రాశాడు. ఎదురుగా ఉన్నవాళ్లు ముఖ్యంగా బౌద్ధులు. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. పూరీ వెళ్లేసరికి గుడి తలుపులు మూసేసి ఉన్నాయట. ఉదయనుడికి మండింది. ఐశ్వర్యం చూసుకుని మదమెక్కి నన్ను లెక్కచెయ్యడం లేదు, బౌద్ధులు మీదికొచ్చిన రోజున నీ ఉనికి నా చేతిలో ఉంటుంది, మర్చిపోకు అని జగన్నాథుణ్ణే దబాయించాడట. కథే కావచ్చు. కానీ ఆ కథ కట్టినవాడికి ఒక సంగతి బాగా తెలుసు. ఉదయనుడు రుజువు రాసింది తనకి నమ్మకం కుదరడం కోసం కాదు. దేవుణ్ణి తిట్టేంత చనువున్నవాడికి ఆయన ఉన్నాడో లేడోనన్న అనుమానం ఎక్కడిది? రుజువు అవతలివాడి కోసం. సభలో గెలవడం కోసం. సభకి రాజు ఉంటాడు, రాజు వెనక దానాలు, మఠాలు ఉంటాయి.

సరే, కుడి పక్కకి వద్దాం. ఇక్కడ మొదటి చిక్కు కుమారిలభట్టు. ఏడో శతాబ్దం మనిషి. ఆంధ్ర, ఉత్కళ దేశాల సరిహద్దువాడని ఒక జైన కథనం ఉంది. వేదాన్ని నిలబెట్టడానికి బౌద్ధులతో జీవితాంతం పోట్లాడిన మీమాంసకుడు. యజ్ఞం, కర్మ, వేదం, ఆయన లోకం అదే. అలాంటివాడు శ్లోకవార్తికంలో సృష్టికర్తని పట్టుకుని దులిపిన దులుపుడు చూస్తే, మన హేతువాద పత్రికలు కూడా అంత పదునుగా రాయలేదేమో అనిపిస్తుంది.

ఆయన అడిగినవి మామూలు మాటల్లో చెబుతాను. లోకం పుట్టక ముందు ఆ చేసినవాడు ఎక్కడ నిలబడి చేశాడు? ఒళ్లు ఉందా, లేదా? లేకపోతే చెయ్యాలన్న కోరిక ఎలా కలిగింది? ఉంటే ఆ ఒంటిని ఎవరు చేశారు? అప్పుడు చూసినవాడెవడూ లేడు కదా, మనకి వచ్చి చెప్పిందెవరు? ఎందుకు చేశాడు? జాలిపడి అంటారా, జాలిపడ్డానికి అప్పటికి ప్రాణులేవి? జాలే ఉంటే అందర్నీ సుఖంగా ఉండేట్టే చేసుండాల్సింది. ఆటకి అంటారా, అన్నీ ఉన్నవాడికి ఆట అవసరమా? ఇక కుమ్మరి పోలికే నిజమంటే, కుమ్మరికి ఒళ్లుంది, అన్నీ తెలియవు, చచ్చిపోతాడు. మీ ఈశ్వరుడూ అలాగే ఉండాలి మరి.

వేదానికి కర్త లేడు అన్నది కుమారిలుడి పట్టు. దాన్ని దేవుడు రాశాడన్నా ఆయన ఒప్పుకోడు. రాసినవాడుంటే తప్పు చేసే అవకాశం ఉంటుంది. అందుకని ఆ దేవుడే అక్కర్లేదు. ఇప్పుడు మా రూమ్మేట్ గీతకి ఈయన ఎటు? దేవుడు లేడంటాడు, కాబట్టి కుడి. కానీ దేశంలో ఈయన కంటే పెద్ద ఆస్తికుడు లేడు. ఎందుకంటే మనం ఇవాళ వాడే అర్థం అప్పట్లో ఆ మాటకి లేదు. నాస్తికుడంటే వేదాన్ని నిందించేవాడని మనుస్మృతి. పరలోకం లేదనేవాడని పాణిని సూత్రానికి వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం. దేవుణ్ణి నమ్మనివాడు అన్న అర్థం గట్టిపడింది చాలా తర్వాత. బౌద్ధుడూ కుమారిలుడూ ఇద్దరూ సృష్టికర్తని కాదన్నారు. ఒకడు నాస్తికుడు, ఇంకొకడు ఆస్తికుల్లో అగ్రగణ్యుడు. తేడా దేవుడి దగ్గర రాలేదు, వేదం దగ్గర వచ్చింది. వేదాన్ని కాదంటే యజ్ఞం చేయించే హక్కుకీ, దక్షిణకీ, వర్ణానికీ ఎసరు వస్తుంది. దేవుణ్ణి కాదంటే అప్పట్లో ఎవరికీ ఏమీ పోయేది కాదు.

ఇక ధర్మకీర్తి. బౌద్ధుడు, దక్షిణాదివాడని టిబెట్ సంప్రదాయం. కుండ వాదం మీద ఆయన వేసిన దెబ్బ ఒకటే, కానీ దాన్ని మించింది నాకు కనపడలేదు. కుండ మట్టితో అయింది, దానికి కుమ్మరి ఉన్నాడు. పుట్ట కూడా మట్టితోనే అయింది. అయితే పుట్టకి కూడా కుమ్మరి ఉన్నట్టేనా?

అంటే, కుండని చూడగానే కుమ్మరి గుర్తొచ్చేది అది మట్టి కావడం వల్లా కాదు, కొత్తగా పుట్టడం వల్లా కాదు. అలాంటి వస్తువుని మనిషి చెయ్యడం మనం ఇదివరకే చూశాం కాబట్టి. కొండనీ, మొలకనీ అలా ఎవరూ చెయ్యడం మనం చూళ్లేదు. 'కార్యం' అని రెంటికీ ఒకే పేరు పెట్టినంత మాత్రాన రెండూ ఒకటి కావు. మాట కలిసింది, వస్తువు కలవలేదు.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లం. ధర్మకీర్తి పుట్ట మాట చదివినప్పుడు నాకు ఒక క్షణం గిలిగింతలు పెట్టినట్టయింది. రుజువుని పడగొట్టడానికి ఆయన తెచ్చిన వస్తువుకే మా అమ్మ పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెడుతుంది.

నైయాయికులు ఊరుకుంటారా? పుట్టకీ చేసినవాళ్లున్నారు, చెదపురుగులు అనొచ్చు. అప్పుడు కర్త అంటే ఎవడు అన్న ప్రశ్న వస్తుంది. దీపికలో అన్నంభట్టు దీనికి చక్కటి నిర్వచనం ఇచ్చాడు. దేనితో చెయ్యాలో ఆ పదార్థం సూటిగా తెలిసి ఉండటం, చెయ్యాలన్న కోరిక, చేసే ప్రయత్నం. ఈ మూడూ ఉంటే కర్త. ఒళ్లు ఉండాలని ఇందులో లేదు. కుమారిలుడి ఒళ్లు ప్రశ్నకి ఇదే జవాబు, చాలా తెలివైన జవాబు. అయితే పుట్ట మళ్లీ అడ్డమొస్తుంది. 1959లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త పియర్-పాల్ గ్రాసే చెదపురుగుల మీద పనిచేస్తూ వాటి కట్టుబడి తీరుకి 'స్టిగ్మర్జీ' అని పేరు పెట్టాడు. ఏ పురుగుకీ పుట్ట మొత్తం తెలియదు. ఒకటి ఒక మట్టి ఉండ పెడుతుంది. ఆ ఉండే ఇంకో పురుగుని అక్కడ ఇంకో ఉండ పెట్టేట్టు చేస్తుంది. మేస్త్రీ లేడు, ప్లాను లేదు, గదులూ గాలిదారులూ ఉన్న మేడ లేస్తుంది. పుట్ట మొత్తానికి అన్నంభట్టు చెప్పిన మూడూ ఉన్న కర్త ఎక్కడా దొరకడు. ఆ పురుగుల్ని అలా నడిపే నియమాన్ని పెట్టిందెవరు అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. కానీ అప్పుడు మనం కుండనీ కుమ్మరినీ వదిలేసి ఇంకో వాదంలోకి వెళ్లిపోయినట్టు.

ఇప్పుడు నేను తప్పు చెప్పిన చోటికి. బ్రహ్మసూత్రాల్లో మూడోదానికి శ్రీభాష్యంలో రామానుజుడు చేసిన పని చూస్తే నాకు నోట మాట రాలేదు. నైయాయికుల కుండ వాదాన్ని ముందు వాళ్ల కంటే అందంగా చెప్పి, తర్వాత ముక్కలు ముక్కలు చేశాడు. కొండలూ సముద్రాలూ అన్నీ ఒకే రోజున ఒకడే చేశాడని ఎక్కడ రుజువైంది? వేరే వేరే కాలాల్లో వేరే వేరేవాళ్లు చేసి ఉండొచ్చు. గొప్ప పుణ్యం చేసుకున్న జీవులే చేసి ఉండొచ్చు. కుమ్మరి పోలికతో పోతే దొరికేది కుమ్మరిలాంటివాడే, ఒళ్లున్నవాడు, చాలనివాడు, బహుశా చాలామంది. సర్వజ్ఞుడైన ఒక్క నారాయణుడు ఆ దారిలో దొరకడు. ఆయన శాస్త్రం వల్లనే తెలుస్తాడు, అనుమానప్రమాణం వల్ల కాదు.

ఇది అన్నది ఎవరో నాస్తికుడు కాదు. తిరుమల గుడి పద్ధతులకీ ఆయనకీ సంప్రదాయం ముడిపెట్టే రామానుజుడు. ఇదే మాట యూరప్‌లో డేవిడ్ హ్యూమ్ అన్నాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లోకాన్ని ఒక దేవతల బృందం చేసి ఉండొచ్చు, పని నేర్చుకుంటున్న కుర్ర దేవుడెవడో చేతకాక సగంలో వదిలేసి ఉండొచ్చు అని. హ్యూమ్ పుస్తకం ఆయన చనిపోయాక 1779లో అచ్చయింది. రామానుజుడు అంతకు ఆరు వందల ఏళ్లకు పైగా ముందువాడు. హ్యూమ్‌కి ఆ మాట కుడి పక్కకి దారి తీసింది. రామానుజుడికి అదే మాట భక్తికి దారి. మా గీత ఇక్కడ పూర్తిగా చెడిపోతుంది.

అన్నట్టు హ్యూమ్ పుస్తకంలో మన సాలెపురుగు కూడా ఉంది. బ్రాహ్మణుల ప్రకారం లోకాన్ని ఒక సాలీడు తన కడుపులోంచి అల్లిందట, సాలెపురుగులే ఉండే గ్రహం ఏదైనా ఉంటే అక్కడ ఈ వాదం ఎంతో సహజంగా తోస్తుంది అని ఎగతాళి. ఎడింబరో పెద్దమనిషికి శ్రీకాళహస్తి తెలియదు. అక్కడ సాలీడు లోకాన్ని అల్లలేదు. శివుడికి గూడు అల్లింది.

మిగతా పాశ్చాత్య రుజువుల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, త్వరగా దాటేస్తాను. ఆన్సెల్మ్ చెప్పిన దాని ప్రకారం, అంతకంటే గొప్పది ఊహించలేని వస్తువు ఊహలోనే ఉండిపోతే గొప్పది కాదు, కాబట్టి ఉండి తీరాలి. ఆ లెక్కన అన్నిటికంటే గొప్ప దీవి కూడా ఉండి తీరాలి కదా అని ఆయన కాలంలోనే గౌనీలో అనే సన్యాసి అడిగాడు. అడిగినవాడూ భక్తుడే. 1781లో కాంట్, వంద నాణేలు ఉన్నాయనుకోవడానికీ జేబులో ఉండటానికీ తేడా నాణెం లక్షణంలో లేదు అని ఆ వాదాన్ని ముగించాడు. నెలాఖరున అశోక్ నగర్ మెస్సులో నిలబడ్డవాడికి ఈ మాట వివరించక్కర్లేదు. కాంట్‌ని మావాడు కుడి పక్క రాశాడని చెప్పాను కదా. రుజువులన్నీ కొట్టేసిన కాంట్, నీతి నిలబడాలంటే దేవుణ్ణి అనుకోక తప్పదు అని ఇంకో తలుపులోంచి ఆయన్ని లోపలికి తీసుకొచ్చాడు. ఆయన్నీ చెరిపి రాయాలి.

ఇంత వాదంలో ఒక్కరిని మాత్రం ఎవరూ అడగలేదు. కుమ్మరిని. వందల ఏళ్లు పండితులు అతన్ని చూపిస్తూనే ఉన్నారు. ఒక పక్కవాళ్లు దేవుడు ఇతనిలాంటివాడన్నారు. అవతలి పక్కవాళ్లు ఇతనికి ఒళ్లుంది, చదువు లేదు, చచ్చిపోతాడు, దేవుడు ఇలా ఉంటాడా అన్నారు. ఆ వాదం నేర్పే పాఠశాలల్లో కుమ్మరి పిల్లలకి చోటు లేదు. వాళ్ల మాట తెలుగులో ఇంకో దారిన వచ్చింది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కుమ్మర గుండయ్య కథ చెప్పాడు. గుండయ్య కుండల మీద తాళం వేస్తుంటే శివుడు దిగొచ్చి ఆడతాడు. రుజువులో దేవుడు కుమ్మరిలాంటివాడు. కథలో దేవుడు కుమ్మరి వేసిన తాళానికి ఆడేవాడు. రామాయణం రాసిన మొల్లని కుమ్మరి ఇంటి ఆడపిల్లగా మన సంప్రదాయం గుర్తుపెట్టుకుంది. ఇవాళ అశోక్ నగర్‌లో ఆ చాప్టరు బట్టీపడుతున్న వాళ్లలో చక్రం తిప్పిన ఇళ్ల పిల్లలూ ఉంటారు. వాళ్లకి ఈ పోలిక చదువుతుంటే ఏమనిపిస్తుందో ప్రశ్నపత్రం అడగదు.

వాదం మొత్తాన్ని ఇంకో మలుపు తిప్పినవాడు గోరా. గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టాడు, చదివింది వృక్షశాస్త్రం. మొలక గురించి అన్నంభట్టు కంటే ఎక్కువ తెలిసినవాడు, కానీ మొలక జోలికి పోలేదు. 1930లో గాంధీకి ఉత్తరం రాశాడు, మీరు దేవుడు దేవుడు అంటుంటారు, దానర్థం ఏమిటని. మనిషి గ్రహింపుకి అందనిది అని గాంధీ జవాబు. 1933లో నాస్తికత్వం కారణంగా కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో ఉద్యోగం పోయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు లాంటి బ్రహ్మసమాజ భక్తుడు ప్రిన్సిపాల్‌గా ఉండి వెళ్లిన కాలేజీ అది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది విజయవాడ పటమటకి మారింది.

1944 చివర్లో సేవాగ్రామంలో గాంధీతో ఆయన కూర్చుని మాట్లాడిన మాటల్లో ఉదయనుడూ లేడు, కుమారిలుడూ లేడు. బెంగాల్ కరువు ఉంది. కలకత్తా వీధుల్లో తిండి అంగళ్ల ముందే ఆకలితో మనుషులు చచ్చిపోవడం తను చూశానన్నాడు గోరా. చెయ్యి చాపి తీసుకోలేదు వాళ్లు. ఎందుకు? ఇది మా రాత అనుకున్నారు, దేవుడు చేశాడనుకున్నారు. దేవుడున్నాడా లేడా అన్నది కాదు, ఉన్నాడనుకోవడం మనిషి చేతుల్ని ఏం చేస్తోంది అన్నది గోరా ప్రశ్న. నాస్తికుడన్న పాత తిట్టుని ఆయన ఎత్తుకుని, వేదానికీ పరలోకానికీ కాకుండా, బాధ్యతకి ముడిపెట్టాడు.

నాకు ఇందులో ఒక పేచీ ఉంది. నమ్మకం వల్ల చెడు జరిగిందని చూపిస్తే నమ్మకం చెడ్డదని తేలుతుంది గానీ, అబద్ధమని తేలదు. పైగా ఆయనకి ఎదురుగా కూర్చున్న మనిషి దేవుడి పేరు చెప్పుకునే చేతులు ముడుచుకోకుండా బతికినవాడు. అది గోరాకీ తెలుసు. తెలిసే అక్కడికి వెళ్లాడు. ఇద్దరూ ఒకరిని ఒకరు ఓడించలేదు. గోరా పెద్ద కూతురు మనోరమకి ఒక దళిత యువకుడితో పెళ్లి తన ఆశ్రమంలో తనే జరిపిస్తానని, ప్రమాణంలో దేవుడి సాక్షిగా అన్నచోట సత్యం సాక్షిగా అనిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. మార్చి 13న సేవాగ్రామంలోనే ఆ పెళ్లి జరిగింది. రుజువులూ ఖండనలూ ఉన్న వెయ్యేళ్ల చరిత్రలో ఇలాంటి ఫలితం నాకు ఇంకెక్కడా కనపడలేదు. ఒక ఆస్తికుడు, ఒక నాస్తికుడు, మధ్యలో ఒక మాట మారింది, ఒక కులం గీత చెరిగింది.

మళ్లీ మా వీధికి వస్తాను, ఎందుకంటే గాడిదని గుర్తుపెట్టుకోమన్నాను. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. పేపర్లు లీకయ్యాయని 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్ 9న. ఒకే పరీక్ష, మూడుసార్లు. ఆ రెండేళ్లలో అశోక్ నగర్ టీకొట్ల దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట "మన రాతలో లేదు". ధర్నాలు చేసినవాళ్లూ ఉన్నారు, కోర్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ రాత్రి పదకొండింటికి, అలిసిపోయాక, ఆ మాటే. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర శనివారం క్యూలో సగం ముఖాలు లైబ్రరీలో చూసినవే. నేనూ నిలబడ్డాను.

గోరా ఉంటే కోప్పడేవాడు. అది ఊహించగలను. నన్ను ఆశ్చర్యపరిచింది, నైయాయికులు కూడా ఒప్పుకోరు. దేవుణ్ణి రుజువు చెయ్యడానికి జీవితాలు ధారపోసిన ఆ వర్గమే, ఈశ్వరుడు, కాలం, అదృష్టం, వీటిని 'సాధారణ కారణాలు' అని విడిగా పెట్టింది. అంటే జరిగే ప్రతిదానికీ ఇవి కారణాలే, ఒప్పుకుంటారు. అన్నిటికీ సమానంగా కారణమైనది ఏ ఒక్కదానికీ ప్రత్యేకంగా జవాబు కాదు. కుండ ఎందుకు పగిలిందంటే దేవుడి దయ అంటే కుదరదు, కర్ర ఎక్కడ తగిలిందో చెప్పాలి. పేపరు ఎందుకు లీకయిందంటే రాత అంటే కుదరదు, ఏ కంప్యూటర్లోంచి, ఎవరి చేతిలోంచి అన్నది చెప్పాలి. అసాధారణ కారణం చెప్పనంతవరకూ కారణం చెప్పినట్టు కాదు. కుమ్మరి తండ్రినీ, గాడిదనీ పక్కకి తప్పించింది ఇందుకే. ఉదయనుడు, అన్నంభట్టు ఒక పక్కా గోరా ఒక పక్కా కూర్చున్నా, టీకొట్టు దగ్గరి మాట మీద మాత్రం ముగ్గురూ ఒకే తప్పు దిద్దుతారు.

దీన్ని మావాడికి చెప్పడానికి అవకాశం రాలేదు. నాకు ఇది తెలిసేనాటికి అతను గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు. అటెంప్టులు అయిపోయాయి. పుస్తకాలు కొన్ని కోఠీలో అమ్మేశాడు, కొన్ని జూనియర్లకి పంచాడు. ఫిలాసఫీ నోట్సు మాత్రం ఎవరూ తీసుకోలేదు, ఆ ఏడాది మా బిల్డింగులో ఆ ఆప్షనల్ వాళ్లెవరూ లేరు. అది నా దగ్గరే ఉండిపోయింది. నిలువుగీతకి ఎడమ పక్క, అన్నంభట్టు కింద, నేను చెప్పినట్టే నీలి ఇంకుతో 'రామానుజుడు' అని ఉంది. పక్కన చిన్న ప్రశ్నార్థకం కూడా ఉంది. దాన్ని నేను అప్పట్లో చూడలేదు.